చొక్కా మార్చిన క్రిమి

డాక్టర్ వెంకటకృష్ణారావు ఢిల్లీలో మూడు రోజుల వైద్య మహాసభకు వెళ్ళి వచ్చినప్పటినుంచీ గవర్నరుపేటలోని ఆయన ఆసుపత్రిలో ఎవరికీ నిశ్చింతగా దగ్గే అవకాశం లేకుండా పోయింది. వేలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాడైనా సరే, ఒక్కసారి ఖంగుమన్నాడా, నోరు తెరిపించి గొంతులో దూదిపుల్ల తిప్పితే గానీ వదిలేవాడు కాదు. ఆ పుల్లలన్నీ వెనక గదిలో కూర్చున్న జీవరత్నం దగ్గరికి చేరేవి.

జీవరత్నం ఆ ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా లాబ్ టెక్నీషియను. మిషనాసుపత్రిలో పని నేర్చుకున్న మనిషి. భర్త మరియదాసు ఆటోనగర్లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. వారానికి రెండుసార్లు ఆవిడ పొద్దున్నే వన్ టౌన్ వెళ్ళి కసాయి దుకాణంలో గొర్రె నెత్తురు పట్టించుకుని, గాజుపూసలు వేసి గడ్డ కట్టకుండా గిలక్కొట్టి, ఆసుపత్రికి తెచ్చి గాజుపళ్ళేల్లో ఎర్రగా పోసి పెట్టేది. గొంతులోంచి తీసిన పుల్లని ఆ పళ్ళెం మీద రాసి ఒక రోజు వెచ్చగా ఉంచితే, చెడ్డ క్రిమి పెరిగినచోట నెత్తురు కరిగిపోయి చిన్న చుక్క చుట్టూ తేటగా గుండ్రం పడేది. దాని పేరు స్ట్రెప్టోకాకస్. పిల్లల గొంతులో చేరిందంటే రెండు రోజులు నొప్పి పుట్టించి ఊరుకోవచ్చు, కీళ్ళు వాచేలా చేసి గుండెకవాటాలు కొరికేయనూ వచ్చు.

ఢిల్లీ నుంచి డాక్టరుగారు మోసుకొచ్చిన కొత్త సంగతి ఒక్కటే. ఈ క్రిమి ఒంటిమీద నూగులాంటి మాంసకృత్తు ఉంటుందట. దాన్ని 'ఎం ప్రోటీన్' అంటారట. చూపుకి క్రిములన్నీ ఒక్కలాగే ఉన్నా, పుట్టుకతో వచ్చిన తేడాలవల్ల ఆ నూగు ఒక్కో తెగకి ఒక్కో రకంగా ఉంటుందట. అప్పటికి అరవై రకాల దాకా తేలాయట. మన ఒంటికి ఒక రకం అలవాటైతే దాన్నే గుర్తుపట్టి తరుముతుంది తప్ప, మిగతావన్నీ దానికి కొత్త మొహాలేనట. ఇదంతా జీవరత్నం శిక్షణలో ఉండగానే దొరసాని డాక్టరు దగ్గర విన్నది. అయినా డాక్టరుగారు చెబుతుంటే ఇప్పుడే వింటున్నట్టు కళ్ళు పెద్దవి చేసి తలాడించింది. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆవిడ నేర్చుకున్న అతి కష్టమైన పరీక్ష అదే.

"ప్రోటీన్ అంటే జనానికేం తెలుస్తుంది రత్నం? చొక్కా అనాలి," అన్నాడు డాక్టరుగారు, తన చొక్కా కాలరు సవరించుకుంటూ. "క్రిమి తొడుక్కున్న చొక్కా! నంబరు కనుక్కున్నామంటే దొంగ ఎవరింట్లోంచి బయల్దేరాడో చెప్పెయ్యచ్చు."

చొక్కాల నంబర్లు చూసే సరంజామా బెజవాడలో లేదు. అనుమానం ఉన్న క్రిముల్ని జీవరత్నం పొట్లం కట్టి ఢిల్లీ లాబుకి పోస్టులో పంపితే, వాళ్ళు చూసి మూడు వారాలకి జవాబు రాసేవారు. ఈ ఏర్పాటు మాత్రం మహాసభలో డాక్టరుగారు సాధించుకొచ్చిందే. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే, దొంగ ఇంకా దొరక్కముందే దొంగ ఎవరో చెప్పేసేవాళ్ళు ఆయనకి చుట్టాలు.

వాళ్ళలో పెద్ద చుట్టం బసవయ్య. పామర్రు దగ్గర కొత్తమెరకలో అరవై ఎకరాల మాగాణి ఆసామి, మాజీ పంచాయతీ ప్రెసిడెంటు, వరసకి డాక్టరుగారికి బాబాయి. డెబ్భైనాలుగు జనవరిలో ఒక ఉదయం ఆయన అంబాసిడరు ఆసుపత్రి ముందు ఆగింది. వెనక సీట్లోంచి కోడలు రాజ్యలక్ష్మి ఎనిమిదేళ్ళ కూతురు రామతులసిని ఎత్తుకుని దిగింది. ఎత్తుకునే వయసు కాదు. కానీ పిల్ల మోకాళ్ళు బూరెల్లా వాచి ఉన్నాయి. నిన్నటిదాకా చీలమండలట, ఇవాళ మోకాళ్ళట. డాక్టరుగారు గుండెమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, మొహం చిన్నది చేసుకున్నాడు. ఎంత గొప్పలు పోయినా ఆయన చెవి మంచిది.

"రుమాటిక్ ఫీవరమ్మా. గుండెలో చప్పుడు మొదలైంది. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షను పడాలి. ఏళ్ళ తరబడి పడాలి."

రాజ్యలక్ష్మి పిల్ల కాలు మీద గౌను సర్దింది, ఇంకోసారి సర్దింది. మొదటి సూది పడకముందే జీవరత్నం పిల్ల గొంతులోంచి పుల్ల తీసుకుంది.

బసవయ్య మాత్రం రోగం సంగతి అక్కడితో వదిలి నేరం సంగతికి వచ్చాడు. "ఇది ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసురా అబ్బాయ్. పేట పిల్లల దగ్గర్నించి. ఆ పంతులమ్మ దానమ్మ వచ్చినాక అందర్నీ ఒకే బల్లమీద కూచోబెడతంది. పలకమీద ఉమ్మేసి తుడుస్తారు, ఆ పలకే మన పిల్లల చేతికిస్తారు. వద్దని చెప్పా. ఇంటేగా?"

"అవును బాబాయిగారూ, హైజీన్ ఉండదు," అన్నాడు డాక్టరుగారు.

"పేట పిల్లలకి విడిగా పాక వేయిస్తా. తాటాకూ నాదే, గుంజలూ నాయే. కులం అంటే గవర్నమెంటు ఊరుకోదు. రోగం అంటే ఎవడూ నోరెత్తడు. నువ్వు డాట్రువి, ఒక్క ముక్క రాసియ్యి చాలు."

"ఉత్త ముక్కెందుకు? సైన్సుతో రుజువు చేసి ఇస్తాను," అని డాక్టరుగారు చొక్కాల సిద్ధాంతమంతా విప్పి చెప్పాడు. బసవయ్యకి మహా నచ్చింది. పేటవాడి క్రిమికి పేటవాడి చొక్కా ఉండటం ఆయనకి న్యాయంగానే తోచింది.

వెనక గదిలో ఆ మాటలన్నీ జీవరత్నం చెవిన పడ్డాయి. పేట అంటే క్రైస్తవుల పేట. దానమ్మ ఎవరో ఆవిడకి తెలియదు గానీ ఆ పేటలాంటి పేటలోనే ఆవిడ పుట్టింది. చేతిలో గాజుపళ్ళెం జారకుండా గట్టిగా పట్టుకుంది.

మర్నాడు డాక్టరుగారి ఫియట్లో ఇద్దరూ కొత్తమెరక వెళ్ళారు. ఉయ్యూరు దాటాక రెండువైపులా కోతలైన చేలు, మినుము మొలకలు. బడి మూడు గదుల పెంకుటిల్లు. దానమ్మ నలభై ఏళ్ళ సన్నటి మనిషి, కళ్ళజోడు కాడకి దారం కట్టి ఉంది. పిల్లల్ని వరసలో నిలబెట్టింది.

"పలకలు ఉమ్మితో తుడుస్తారటగా?" అన్నాడు డాక్టరుగారు.

దానమ్మ ఒక పిల్లాడి సంచీ తెరిచి చూపించింది. అందులో పౌడరు డబ్బా మూత, మూతలో తడిగుడ్డ. అందరి సంచుల్లోనూ ఉన్నాయి. "మూడేళ్ళయిందండీ పెట్టి. ముందు పేట పిల్లలే తెచ్చారు. పెద్దిళ్ళ పిల్లలకి అలవాటు చెయ్యడానికి ఏడాది పట్టింది."

డాక్టరుగారు ఆ మూతని చూడలేదు. పేట పిల్లల కాళ్ళు చూశాడు. చేలల్లో తిరిగే కాళ్ళు, చీముపొక్కులు ఎండిన మచ్చలు. "చూశావా రత్నం? పుట్ట ఇక్కడే ఉంది."

పేట పిల్లలు పదిహేడుమంది, తక్కినవాళ్ళు ఇరవైమంది. నోళ్ళన్నీ తెరిపించి పుల్లలు తిప్పేసరికి మధ్యాహ్నమైంది. అక్కణ్ణుంచి బసవయ్య ఇంటికి వెళ్ళి, రామతులసి తమ్ముడి గొంతులోంచీ చిన్నాన్న కూతురి గొంతులోంచీ కూడా పుల్లలు తీసుకున్నారు. డాక్టరుగారికి లోపల భోజనం. జీవరత్నానికి పెరటి అరుగుమీద దోసిట్లో మజ్జిగ పోశారు. అదేమీ కొత్త కాదు కాబట్టి తాగింది.

అరుగుమీంచి చావడి కనబడుతోంది. బసవయ్య పడక్కుర్చీలో కూర్చుని తాంబూలం నముల్తున్నాడు. పిల్లలిద్దరూ చెరోవైపు చేరి, పిచ్చికపిల్లల్లా నోళ్ళు తెరిచారు. ఆయన బాగా నమిలి మెత్తగా ఎర్రగా అయిన ముద్దని నాలిక చివర్నుంచి తీసి, చెరికాస్త నోట్లో పెట్టాడు. మంచంమీద పడుకున్న రామతులసి, "తాతయ్యా, నాకో?" అంది. ఆయన లేచి వెళ్ళి మరీ పెట్టాడు. పిల్ల నాలిక బయటపెట్టి ఎంత ఎర్రగా పండిందో చూసుకుని మురిసిపోయింది.

జీవరత్నం పుల్లల పెట్టె సర్దుతూ అడిగింది, "సార్, పెద్దాయనగారిది కూడా తీద్దామాండీ?"

"ఛ! ఆయనకేం? గుండ్రాయిలా ఉన్నాడు. పద పద."

మర్నాటికే ఎర్రటి పళ్ళేల్లో తేట గుండ్రాలు లేచాయి. వారం తిరిగేసరికి పొట్లాలు ఢిల్లీ వెళ్ళాయి. జవాబు రాకముందే కొత్తమెరక బడి వెనక గుంజలు పాతారని తెలిసింది.

ఫిబ్రవరిలో జవాబు వచ్చింది. జీవరత్నం కాగితం విప్పి నిలబడే చదివింది. పేట పిల్లల్లో ఎనిమిదిమంది దగ్గర క్రిమి ఉంది. ఆ చొక్కాలు ఇరవైరెండో నంబరు, నలభైతొమ్మిదో నంబరు, మిగతావి ఏ నంబరుకీ చిక్కనివి. రామతులసి గొంతులో ఉన్నది ఎం ఐదు. తమ్ముడి గొంతులో ఎం ఐదు. చిన్నాన్న కూతురి గొంతులో ఎం ఐదు. బడి మొత్తంలో ఇంకొక్క పిల్ల దగ్గరే ఎం ఐదు. ఆ పిల్ల రామతులసి పక్కన కూర్చునే కరణంగారి మనవరాలు. పేటలో ఎం ఐదు అన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు.

కాగితం డాక్టరుగారి బల్లమీద పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు. ఫాను వేయించుకున్నాడు. లేచి కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. అప్పుడాయన మొహంలో వెలుగు కనబడింది. జీవరత్నం ఆ వెలుగు చూసి భయపడింది.

"మ్యుటేషన్!" అన్నాడు. "జన్యువులు మారతాయమ్మా, అదే ఈ క్రిమి గొప్ప. పేటలో ఉన్నంతకాలం చింకి చొక్కా వేసుకుని తిరిగింది. బసవయ్యగారి గడప తొక్కగానే మార్చేసి పట్టుచొక్కా తొడుక్కుంది. బయల్దేరింది మాత్రం పేటలోనే."

"మారతాయండీ, కాదనను," అంది జీవరత్నం మెల్లగా. "కానీ గడప దాటే లోపల మారిపోతాయాండీ? పోనీ మారిందే అనుకుందాం. ముగ్గురి గొంతుల్లోనూ అదే నంబరు చొక్కా ఎట్లా దొరికిందండీ? ఒక్క దర్జీ దగ్గరే కుట్టించుకున్నాయా?"

డాక్టరుగారు కళ్ళజోడు తీశాడు. "నీ పని గాజుసామాను కడగటం. సైన్సు నాకు వదిలెయ్యి."

సాయంత్రానికి ఉత్తరం తయారైంది. 'వైద్య కారణాల దృష్ట్యా పేట విద్యార్థులను ప్రత్యేక వసతిలో కూర్చుండబెట్టుట శ్రేయస్కరం.' ఒక ప్రతి బసవయ్యకి, ఒక ప్రతి పంచాయతీ సమితికి. టైపు కొట్టిన అక్షరాలు అంత నల్లగా ఉంటాయని జీవరత్నం అదివరకెప్పుడూ గమనించలేదు.

ఇంటికి వెళ్ళి మరియదాసుకి చెప్పింది. అతను అన్నం కలుపుతూ విని, "ఇంతకీ ఆ క్రిమి ఎక్కడిదంటావ్?" అన్నాడు.

"ముసలాయన నోట్లోదని నా అనుమానం. రుజువు లేదు."

"తెచ్చుకో మరి," అన్నాడు మరియదాసు, అతుకు వదిలేసిన కమ్మీ సంగతి చెప్పినంత మామూలుగా.

రామతులసి మూడో ఇంజక్షను రోజొచ్చింది. పిల్లని కారులో తిప్పొద్దని డాక్టరుగారే అనడంవల్ల ఎవరో ఒకరు ఊరికి వెళ్ళి సూది వెయ్యాలి. రెండోది వేసొచ్చిన కాంపౌండరు, మళ్ళీ బస్సులో నలభై కిలోమీటర్లా అని నసిగాడు. జీవరత్నం నేను వెళ్తానంది.

సూది పడ్డాక పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. రాజ్యలక్ష్మి వాకిలి దాకా వెంట వచ్చి, "ఏవండీ, ఇది మళ్ళీ వస్తుందా?" అని అడిగింది.

"సూదులు మానకపోతే రాదండీ. కానీ మిగతా పిల్లలిద్దరి గొంతుల్లోనూ అదే క్రిమి ఉంది. వాళ్ళకి మందిచ్చినా, తెచ్చిన మనిషి ఇంట్లోనే ఉంటే మళ్ళీ వస్తుంది."

"పేట పిల్లలు మా ఇంటికి రారుగా."

"అందుకే అడుగుతున్నానండీ. పిల్లల కంటే ముందు ఇంట్లో ఎవరికైనా గొంతు నొప్పి వచ్చిందా?"

రాజ్యలక్ష్మి ఆలోచించింది. "కార్తీకంలో మావయ్యగారు కాశీ వెళ్ళొచ్చారు. వచ్చిన తర్వాత పది రోజులు గొంతు పట్టేసి ముద్ద మింగలేకపోయారు. తర్వాత బాగానే..." అక్కడ ఆగిపోయింది. చావడిలో పడక్కుర్చీ వైపు చూసింది. అప్పుడావిడ మొహం చూసి జీవరత్నానికి ఇంకేమీ చెప్పక్కర్లేదని తెలిసింది.

"వీధిలో ఎవరి నీడ పడినా పిల్లలకి స్నానం చేయిస్తారండీ ఆయన," అంది రాజ్యలక్ష్మి. "ఆయన ఎంగిలి మాత్రం మా ఇంట్లో ప్రసాదం. వద్దని నేననలేను. నోరు తెరవమని అసలే అడగలేను."

"మీరేం అడగొద్దు. నేనడుగుతాను."

బసవయ్య అప్పుడే చేలవైపునుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. జీవరత్నం చేతులు కట్టుకుని నిలబడి విన్నవించింది. జబ్బుపడ్డవాళ్ళ నమూనాలు ఢిల్లీ చాలా వెళ్ళాయి, పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుడి నమూనా కూడా ఉంటే మంచిది, ఊళ్ళో గట్టి మనిషి ఎవరా అంటే తమరే కనబడ్డారు. ఇందులో అబద్ధమేమీ లేదు. ఆయనకి జబ్బూ లేదు, గట్టి మనిషనడంలో సందేహమూ లేదు.

"అంటే నా గొంతుతో అందరి గొంతులూ కొలుస్తారన్నమాట," అన్నాడు బసవయ్య.

"అంతేనండి."

"ఆ పుల్ల ఎవరన్నా ముట్టారా?"

"ఆవిరిలో ఉడికించి గొట్టంలో మూసిపెట్టిందండీ. నిప్పు తప్ప ఎవరూ ముట్టలేదు."

"నిప్పుకి మైల లేదులే." ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి, తాంబూలం ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించి, రాజులా నోరు తెరిచాడు. ఎర్రటి గుహ. జీవరత్నం పుల్ల తిప్పి గొట్టంలో పెట్టి మూత బిగించింది. చీటీ మీద బసవయ్యగారు అని రాస్తుంటే ఆయన వంగి చూశాడు.

"ఉత్త బసవయ్యేంటి? మాజీ పంచాయతీ ప్రెసిడెంటు అని రాయి. ఢిల్లీలో చూసేవాళ్ళకి తెలియొద్దా?"

"తప్పకుండానండి," అని ఇంగ్లీషులో పొడుగ్గా రాసింది.

పళ్ళెం మీద ఆయన క్రిమి ధారాళంగా పెరిగింది. అంత తేటగా, అంత గుండ్రంగా జీవరత్నం ఎప్పుడూ చూడలేదు. మిగతా పొట్లాలతోపాటు ఢిల్లీకి పంపింది. జవాబు వచ్చాక చదివి, దాచకుండా డాక్టరుగారి బల్లమీదే పెట్టింది. ఆయన పై కాగితం చూసి, ఫైల్లో పెట్టమన్నాడు. పెట్టింది. 'అడుగున ఇంకో కాగితం ఉంది సార్' అని మాత్రం చెప్పలేదు. చెప్పాలా వద్దా అని రెండు రాత్రులు మథనపడింది. గాజుసామాను కడిగేవాళ్ళకి సైన్సెందుకులే అని చివరికి సమాధానపడింది.

మార్చి రెండో వారంలో బడి అరుగుమీద సమావేశం. పేట పిల్లల్ని వేరు చెయ్యాలన్న ఉత్తరం చూసి సమితి విద్యాధికారి స్వయంగా వచ్చాడు. నెమ్మదస్తుడు, ముక్కుపొడి అలవాటు. బసవయ్యకి చేతుల కుర్చీ, డాక్టరుగారికి చేతుల్లేని కుర్చీ. ఆడవాళ్ళు గుమ్మం వెనక. పేట పెద్దలు నేలమీద. దానమ్మ స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. ఉద్యోగం పోతుందేమోనని ఆవిడ భయం. దానికి తోడు పాక కప్పే తాటాకు బండి బడి ముందే నిలబెట్టించాడు బసవయ్య.

డాక్టరుగారు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ప్రోటీను, చొక్కా, మ్యుటేషను, చింకి, పట్టు, అన్నీ వచ్చాయి. విద్యాధికారి శ్రద్ధగా విని, "రుజువు కాగితాలు ఏమైనా ఉన్నాయాండీ?" అన్నాడు.

"ఎందుకు లేవు? సాక్షాత్తూ ఢిల్లీ నుంచి!" డాక్టరుగారు ఫైలు మొత్తం ఆయన ఒళ్ళో పెట్టాడు.

విద్యాధికారికి ఫైలంటే అడుగు కాగితం దాకా చూసే జబ్బుంది. ఒక్కొక్కటే తిప్పుతూ వెళ్ళి, ఆఖరిదాని దగ్గర ఆగి, పైకి చదివాడు. "బసవయ్య, మాజీ పంచాయతీ ప్రెసిడెంటు, పురుషుడు, అరవై ఆరేళ్ళు... ఎం ఐదు." తలెత్తాడు. "ఎం ఐదంటే పాప జబ్బుదే కదండీ? ఇది వీరిదేనాండీ?"

 డాక్టరుగారు జీవరత్నం వైపు తిరిగాడు. ఆయన నోరు, పుల్ల పెట్టడానికి వీలుగా తెరుచుకుని ఉంది.

"పెద్దాయనగారిదండీ," అంది జీవరత్నం.  తర్వాత అందరికీ వినబడేలా చెప్పింది. "ఆయన గొంతులోనూ ముగ్గురు పిల్లల గొంతుల్లోనూ ఉన్నది ఒకే చొక్కా. పేటలో ఎవరి దగ్గరా లేదు. ఆయన ఒంటికి అది అలవాటైపోయింది కాబట్టి ఆయన్ని ఏమీ చెయ్యదు. పిల్లలకి కొత్త."

బసవయ్య మెడ నరాలు ఉబ్బాయి. "అయితే నాకు ఎక్కడిదంట? పేటవాళ్ళు నా చేలో పనికొస్తారు. అట్టా అంటుకుని ఉంటుంది."

"వాళ్ళ దగ్గర ఆ రకం లేదంటున్నారు కదండీ," అన్నాడు విద్యాధికారి.

"పోనీ బెజవాడ హోటల్లో!"

"కాశీలో మావయ్యగారూ." గుమ్మం వెనకనుంచి వచ్చిందా మాట. రాజ్యలక్ష్మి తలుపు రెక్క పట్టుకుని ఇవతలికి వచ్చింది. పెళ్ళయి పదేళ్ళలో మామగారి ఎదట నలుగురిలో ఆవిడ మాట్లాడటం అదే మొదలు. "గంగనీళ్ళతోపాటు తెచ్చారు. పిల్లల నోట్లో మీరే పెట్టారు. రోజూ రెండుపూటలా, తాంబూలంలో. నా కూతురి గుండె పాడైంది. ఈ పాక ఎవరికోసం వేస్తున్నారో చెప్పండి."

నేలమీద కూర్చున్నవాళ్ళలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. నవ్వలేదు. నవ్వితే తర్వాత కూలి ఎవరిస్తారు? విద్యాధికారి ముక్కుపొడి పీల్చి, తుమ్మబోయి, చుట్టూ చూసి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. బడి యథాప్రకారం జరుగుతుందని, పిల్లల్ని విడదీస్తే తను పైకి రాయాల్సి వస్తుందని చెప్పి లేచాడు. తాటాకు బండి వచ్చిన దారినే వెళ్ళిపోయింది. దానమ్మ స్తంభం దగ్గరే కూర్చుండిపోయి కళ్ళజోడు తుడుచుకుంది.

దీనివల్ల బసవయ్య మారిపోయాడని ఎవరైనా అనుకుంటే వాళ్ళకి బసవయ్యలు తెలియరన్నమాట. ఆయన పేటకి వెళ్ళి క్షమించమని అడగలేదు. రెండు రోజులు అన్నం మానేశాడు. మూడో రోజు కోడలు ఆయన ముందు కంచం, గ్లాసు, చెంబు విడిగా పెట్టి, క్రిమి పోయిందని కాగితం వచ్చేదాకా ఇవే అంది. ఆడమనిషి చేత తుంటికి సూది వేయించుకోనని భీష్మించి, చివరికి కాంపౌండరు చేత వేయించుకుని, వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు.

డాక్టరుగారు మూడు నెలలు తిరక్కుండానే 'కృష్ణా డెల్టాలో ఒక కుటుంబంలో ఎం ఐదు' అని వైద్యపత్రికలో వ్యాసం అచ్చు వేయించాడు. తాంబూలం సంగతి మొదట అనుమానించింది తనేనని అందులో ఉంది. చివర్లో కృతజ్ఞతలు ఢిల్లీ లాబుకి, శ్రీ బసవయ్యగారి సహృదయతకి, ఫొటోగ్రాఫరుకి. జీవరత్నం పేరు వెతుక్కుంది. దొరకలేదు. దొరకదని ముందే తెలుసు గానీ వెతక్కుండా ఉండలేకపోయింది. ఆ నెలాఖరునే లాబుకి చదువుకున్న కుర్రాడు వస్తున్నాడని, ఇక రానక్కర్లేదని చెప్పారు. ఆవిడ వన్ టౌన్లో మేడమెట్ల కింద చిన్న గది తీసుకుని సొంతంగా నెత్తురు పరీక్షలు మొదలుపెట్టింది. తలుపూ చువ్వలూ మరియదాసే అతికాడు. కసాయి దుకాణం దగ్గర కావడం ఒక సుఖం.

రామతులసి సూదులకి మాత్రం మీరే రావాలని రాజ్యలక్ష్మి కబురు పెట్టింది. మూడు వారాలకోసారి జీవరత్నం బస్సెక్కి కొత్తమెరక వెళ్ళేది. ఇప్పుడు చావడిలో కుర్చీ వేసి కాఫీ ఇస్తున్నారు.

శ్రావణంలో ఓ రోజు వెళ్ళేసరికి బసవయ్య చుట్టపుచూపుగా వచ్చిన నలుగురితో కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి చూసి మొహం చిట్లించుకుంటాడనుకుంది. సంతోషంగా పిలిచాడు.

"ఇదిగో, ఈవిణ్ణే అడగండి. నా గొంతులో క్రిమిని ఢిల్లీలో భద్రం చేశారా లేదా? మొన్న మన డాట్రు చెప్పాడు. అంత శ్రేష్ఠమైన రకం దేశంలో అరుదంట. చల్లటి పెట్టెలో పెట్టి, పైన నా పేరు రాసి, పెద్దపెద్ద డాట్రులు వచ్చి చూసిపోతన్నారంట. ఏమ్మా, నిజమేనా?"

చుట్టాలు నలుగురూ ఆవిడ వైపు గౌరవంగా చూశారు.

"నిజమేనండి," అంది జీవరత్నం. "మాజీ పంచాయతీ ప్రెసిడెంటు అని కూడా ఉంటుంది."

"బతికే ఉందా?"

"నిక్షేపంలా ఉందండీ. మనందరికంటే ఎక్కువకాలం ఉంటుంది."

బసవయ్య మీసం దువ్వుకున్నాడు. జీవరత్నం సంచీలోంచి సిరంజి పెట్టె తీసుకుని, మేడమీద పిల్ల ఉందేమోనని మెట్లవైపు నడిచింది. రామతులసి మేడమీద లేదు. పెరట్లోంచి వచ్చి ఆవిడకంటే ముందే మెట్లెక్కడం మొదలుపెట్టింది. మూడో మెట్టు ఎక్కి ఆగింది. గోడకి చెయ్యి ఆనించి, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోంది. జీవరత్నం కిందే నిలబడింది, పిల్ల నాలుగో మెట్టు ఎక్కేదాకా.